గోదావరికి ఎదురెక్కి

ఎల్లంపల్లి గేట్లు దాటిన గోదావరి గోదావరిఖని పక్కనుంచి మంథనికి, అక్కణ్నుంచి కాళేశ్వరానికి పోతుంది. అక్కడ ప్రాణహితను కలుపుకొని సముద్రం బాట పడుతుంది. మా ప్రాంతపు సొత్తు ఎప్పుడూ కిందికే పోయింది. నీళ్లు పోయాయి, ఒండ్రు పోయింది, తెప్పలు కట్టిన టేకు దుంగలు పోయాయి. తర్వాతి కాలంలో రైలెక్కి బొగ్గు, తీగలెక్కి కరెంటు పోయాయి. ఇప్పుడు ఒకటి మాత్రం కిందినుంచి పైకి వస్తోంది. ఏటికి ఎదురు, నేల కింద, కంటికి కనపడకుండా వస్తోంది. గోదావరి డెల్టా వైపునుంచి రామగుండం ఎరువుల కర్మాగారం దాకా దాదాపు 360 కిలోమీటర్ల గ్యాస్ గొట్టం అది. ఏటి వెంట నడిచినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ గొట్టం వెంట కూడా ఒకసారి నడిచి చూడాలి.

మొదలు గ్యాస్ పుట్టుక. కాకినాడ దగ్గరి గాడిమొగలో సముద్రపు గ్యాస్ ఒడ్డుకు వస్తుంది. ఆ సముద్రంలోని కృష్ణా–గోదావరి (కేజీ) డీ6 క్షేత్రంలో గ్యాస్ ఉందని 2002లో తేలింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆ గ్యాస్ ఊరిన ఇసుక పొరలు గోదావరి మోసుకుపోయి సముద్రం అడుగున పోసినవే. మన చేల మీద, మన గుట్టల మీద కురిసిన వాన కడిగిన మట్టి కూడా వాటిలో ఎంతో కొంత ఉంటుంది. మండపేట కింది గ్యాస్ కథ ఇంకా దగ్గరిది. అక్కడ గ్యాస్ పుట్టింది కొమ్ముగూడెం పొరల్లో. పాతిక కోట్ల ఏళ్ల కిందటి బొగ్గు, షేల్ పొరలవి. రామగుండం, బెల్లంపల్లి బాయిల్లో సింగరేణి తవ్వే బొగ్గుదీ ఆ కాలమే. ప్రాణహిత, గోదావరి లోయ కింద నేల చీలి ఏర్పడిన పొడుగాటి గుంట ఒకటి డెల్టా అడుగుదాకా సాగింది. ఎగువ కొసన అది బొగ్గుగా మనకు పైనే దొరికింది. దిగువ కొసన వేల మీటర్ల లోతున ఉడికి గ్యాస్ అయింది. కరీంనగర్ బొగ్గుకూ మండపేట గ్యాస్‌కూ ఉన్నది తోబుట్టువుల వరస. ఇది మన బడి పుస్తకాల్లో ఉండాల్సిన సంగతి.

డెల్టాలో ఇంకో రెండు పేర్లు తలవకుండా ముందుకు పోలేను. ఒకటి పాశర్లపూడి. 1995 జనవరిలో బావి పేలి 65 రోజులు మండింది. రెండోది నగరం అనే ఊరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గొట్టం పగిలి ఊరు మంటల్లో చిక్కింది. 20 మందికి పైగా చనిపోయారు. తేమ లేని గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ గ్యాస్ పారింది. నీరు లోపలినుంచి ఇనుమును తినేసింది. గొట్టం ఎవరిదైనా, ఏ జిల్లాలో ఉన్నా, దాని పక్కన బతికేవాళ్లకు నగరం గుర్తుండాలి.

రామగుండం గొట్టం పేరులో మల్లవరం ఉంది. మల్లవరం–భోపాల్–భిల్వాడా–విజయ్‌పూర్ లైన్ అని దానికి కాగితాల్లో పేరు. యానాం పొరుగున ఉన్న మల్లవరంలో మొదలై, తెలంగాణ దాటి, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ మీదుగా రాజస్థాన్ దాకా పోవాలని లెక్క. పొడవు రెండు వేల కిలోమీటర్లకు దగ్గర. 2011లో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు అనుమతి ఇచ్చింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీఎల్ ముందుండగా ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం వాటాలు తీసుకున్నాయి. అప్పటికి కేజీ గ్యాస్ మీద దేశానికి ఉన్న ఆశ అంతా ఇంతా కాదు. 2010లో డీ6 నుంచి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. ఆ తర్వాత ఏటేటా పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి బావులు పూర్తిగా మూతపడ్డాయి. పక్క క్షేత్రాల్లో కొత్త గ్యాస్ అదే ఏడు డిసెంబరులో మొదలైంది. గొట్టం కలలు కన్నది ఒక కాలంలో, వేసింది ఇంకో కాలంలో. అందుకే అది మల్లవరం దాకా పోలేదు. గాడిమొగ నుంచి భరూచ్‌కు అప్పటికే నడుస్తున్న తూర్పు–పడమర గొట్టాన్ని పశ్చిమ గోదావరిలోని కుంచనపల్లి దగ్గర అందుకొని అక్కడినుంచే బయలుదేరింది.

కుంచనపల్లి వరి మాగాణి వదిలితే నేల రంగు మారుతుంది. ఖమ్మం, వరంగల్ దిక్కు మిర్చి, పత్తి, మక్క. గొట్టం ఎక్కడా కనపడదు. దారి చెప్పేవి గట్ల మీద, రోడ్డు దాటేచోట పాతిన గుర్తుల రాళ్లే. తవ్వరాదని వాటి మీద రాసి ఉంటుంది. కొన్ని కిలోమీటర్లకు ఒకచోట కంచె వేసిన చిన్న ఆవరణ, లోపల వాల్వు. గొట్టం తెగితే రెండు వైపులా మూసేది అక్కడే. ఇనుము తుప్పు పట్టకుండా పైన ప్లాస్టిక్ పూత వేసి, సన్నటి విద్యుత్తు పంపిస్తారు. లోపలి గోడలు ఎలా ఉన్నాయో చూడటానికి గొట్టం గుండా ఒక యంత్రాన్ని తోస్తారు. మీద మీటరు మందాన మట్టి. ఆ మట్టి మీద పత్తి పూస్తుంది.

ఈ దారిలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఈ మట్టి దగ్గరే. 1962 నాటి చట్టం ఒకటి ఉంది, పెట్రోలియం గొట్టాల కోసం భూమిని వాడుకునే హక్కు చట్టం. భూమిని కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. గెజిట్‌లో ప్రకటన వస్తుంది. అభ్యంతరం చెప్పటానికి రైతుకు 21 రోజులు. ఆ తర్వాత ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, బాయి తవ్వరాదు, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. పైపంట వేసుకోవచ్చు. పోయిన పంటకు నష్టపరిహారం ఇస్తారు. హక్కుకు మాత్రం భూమి మార్కెట్ విలువలో పదో వంతు.

పట్టీ వెడల్పు సాధారణంగా 30 మీటర్ల దాకా ఉంటుంది. కాగితం మీద చిన్నదే. ఎకరం చేనును చదరంగా గీసి చూడండి, పక్కకు 64 మీటర్లు వస్తుంది. దాని నడుమ 30 మీటర్ల పట్టీ పోతే దాదాపు 19 గుంటలు, అంటే సగం. ఆ సగంలో బాయి వద్దు, బోరు వద్దు, మామిడి వద్దు, రేపు కొడుకు కట్టుకునే ఇల్లు వద్దు. బోరు మీద బతికే తెలంగాణలో బోరు వేసుకోలేని భూమికి మిగిలే ధర ఎంత? పదో వంతు ఇచ్చి తొమ్మిది వంతులు నీకే వదిలామని చట్టం అంటుంది. రైతు మాట వేరే తీరుగా ఉంటుంది. “భూమి మాదే సారూ, పట్టా మాదే. బాయి తవ్వుడే మా చేతుల లేదు.” చట్టం రాసి అరవై ఏళ్లు దాటింది. గొట్టాల కొలతలు, గ్యాస్ ధరలు, భూమి ధరలు అన్నీ మారాయి. ఆ పదో వంతు మాత్రం మారలేదు. ఇది అన్యాయమే. ఈ మాటలో మెత్తదనం అక్కర్లేదు.

వరంగల్ దాటాక గొట్టానికి మానేరు అడ్డొస్తుంది. సిరిసిల్ల, కరీంనగర్ మీదుగా వచ్చి మంథని దిగువన గోదావరిలో కలిసే మానేరు. దాన్ని దాటకుండా దక్షిణం నుంచి రామగుండం చేరే దారి లేదు. ఎండాకాలం మానేరు ఇసుక మీద లారీల జాడలే కనపడతాయి. దాని కింద గ్యాస్ పారుతోందని ఊళ్లవాళ్లలో ఎందరికి తెలుసో. ఏటి అడుగున గొట్టం మీద ఎంత ఇసుక ఉండాలో ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్క నిలవాలంటే పైన ఇసుక తవ్వే చేయి కూడా ఆగాలి.

మానేరు దాటితే రామగుండం. కిలోమీటర్ల ముందునుంచే ఎన్టీపీసీ పొగగొట్టాలు కనపడతాయి. పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లు. ఆ పక్కన సింగరేణి మట్టి గుట్టలు, ఓపెన్‌కాస్ట్ గోతులు. ఇంత బొగ్గు కాళ్ల కింద పెట్టుకొని ఎరువుకు గ్యాస్‌ను 360 కిలోమీటర్ల నుంచి తెచ్చుకోవటం ఏమిటని కొత్తగా వచ్చినవాడు అడుగుతాడు. దానికి జవాబు ఎరువుల కర్మాగారం టౌన్‌షిప్ ఫర్టిలైజర్ సిటీలో ఉంది.

1980లో ఇక్కడ ఫర్టిలైజర్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ) కర్మాగారం నడక మొదలుపెట్టింది. ఒడిశాలోని తాల్చేరుతో పాటు బొగ్గు నుంచి యూరియా చేయాలని కట్టిన కర్మాగారం. రోజుకు 1,500 టన్నులు తీయాలి. బొగ్గును పొడిచేసి, ఆక్సిజన్‌తో కాల్చి, వాయువుగా మార్చే కొప్పర్స్–టోట్జెక్ పద్ధతి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. యంత్రాలు అరిగిపోయేవి. కరెంటు ఒక్క క్షణం పోతే మొత్తం ఆగేది, తిరిగి ఎత్తుకోవటానికి రోజులు పట్టేది. అనుకున్నంత ఉత్పత్తి ఎన్నడూ రాలేదు. 1999లో ఆగిపోయింది. టౌన్‌షిప్‌లో క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. బడులు, క్లబ్బు, దుకాణాల ముందటి సందడి పోయింది. ఆ ఊరు పదహారేళ్లు కర్మాగారం తెరుస్తారన్న మాట వింటూనే ఉంది.

2015 ఫిబ్రవరిలో రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త సంస్థ పుట్టింది. నేషనల్ ఫర్టిలైజర్స్, ఇంజనీర్స్ ఇండియా, ఎఫ్‌సీఐ, గెయిల్‌తో పాటు తెలంగాణ ప్రభుత్వానికీ అందులో 11 శాతం వాటా. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈసారి ముడిసరుకు గ్యాస్. 2021 మార్చి 22న వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా, ఏటా 12.7 లక్షల టన్నులు. దీనికి రోజూ 20 లక్షల ఘనపు మీటర్లకు పైగా గ్యాస్ కావాలి. గొట్టం ఈ దారి పట్టిందే దీని కోసం. గ్యాస్‌లోని మీథేన్‌ను ఆవిరితో విడదీస్తే హైడ్రోజన్ వస్తుంది. గాలిలోని నత్రజని దానికి తోడైతే అమ్మోనియా. మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను అమ్మోనియాకు కలిపితే తెల్లటి యూరియా గింజలు. నీళ్లు ఎల్లంపల్లివి. ఆ గింజలు రైలెక్కి తెలంగాణ చేలకూ పొరుగు రాష్ట్రాలకూ పోతాయి. సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన గ్యాస్ బస్తాల్లో మళ్లీ బయటికే ప్రయాణం కడుతుంది. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు.

ఇక్కడ లెక్క తేలికగా లేదు. గ్యాస్ గొట్టాలకు కలిసిన యూరియా కర్మాగారాలన్నిటికీ గ్యాస్ ధర ఒకటే ఉండేలా 2015లో కేంద్రం దేశీయ గ్యాస్‌నూ దిగుమతి గ్యాస్‌నూ కలిపి సగటు కట్టింది. అంటే రామగుండం బిల్లులో ఖతర్ నుంచి ఓడలో వచ్చిన ద్రవ గ్యాస్ ధర కూడా ఉంటుంది. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం బయటిదే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచంలో గ్యాస్ ధర మండిపోయింది. ఆ మంట బస్తా మీద పడకుండా సబ్సిడీ అడ్డం నిలిచింది. గొట్టం ఏటికి ఎదురెక్కింది నిజమే, ధరకు మాత్రం ఎదురు నిలవలేదు.

కర్మాగారం చుట్టూ ఉన్న వీర్లపల్లి వంటి ఊళ్లవాళ్లు అమ్మోనియా ఘాటు గురించి మొత్తుకున్నారు. 2022లో కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారాన్ని ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. కొద్దికాలానికి మళ్లీ నడిచింది. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా రైతులు యూరియా కోసం తెల్లారకముందే బారులు తీరారు, పాస్‌బుక్కులు, చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. సరిగ్గా ఆ ఆగస్టులోనే రామగుండంలో ఉత్పత్తి ఆగింది. ఒక్క గొట్టం, ఒక్క కర్మాగారం. ఒకటి ఆగితే రెండూ ఆగినట్టే. రామగుండాన్ని వానాకాలం ముందు మరమ్మతు చేసి పెట్టుకోవాలి, నాట్ల నడుమ కాదు.

నడక గోదావరిఖని వంతెన దగ్గర ముగుస్తుంది. ఈ ఒడ్డు పాత కరీంనగర్, ఆ ఒడ్డు పాత ఆదిలాబాద్. అటు జైపూర్‌లో సింగరేణి కరెంటు కర్మాగారం, దేవాపూర్ సిమెంటు, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు. మంచిర్యాలలో, బెల్లంపల్లిలో వేల ఇళ్లు, హోటళ్లు, ఇటుక బట్టీలు. 2011 అనుమతి ప్రకారం గొట్టం గోదావరి దాటి ఆ జిల్లా గుండా మహారాష్ట్రకు పోవాలి. ఆ ఒడ్డు ఊళ్లకు ఈ గొట్టం గ్యాస్ అందేది ఆ కొనసాగింపు ఉంటేనే. ఒకే కర్మాగారం కోసం నడిచే గొట్టం ఆ కర్మాగారంతోనే ఆగిపోతుంది. నలుగురు వాడుకునేవాళ్లుంటే దాన్ని నిలబెట్టుకునేవాళ్లూ నలుగురుంటారు. కాబట్టి ఆ ఏరు దాటించండి. దాటించేముందు పదో వంతు చట్టాన్ని మార్చండి. గొట్టం మీది ప్రతి ఊళ్లో, గ్యాస్ లీకైతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఆదిలాబాద్ గూడేల్లో గోండిలో చెప్పించండి.

2011 కాగితంలో ఆ గొట్టం గోదావరి దాటింది. నేల మీద ఈ ఒడ్డునే ఆగి ఉంది.