ప్యాంటు మడత చెప్పిన నిజం

హెర్న్‌డన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి రాస్లిన్‌లో దిగాను. అక్కడి నుంచి పావుగంట నడిస్తే పెద్ద పచ్చిక మైదానం వస్తుంది. మధ్యలో ఆరుగురు కంచు సైనికులు జెండా కర్రని నిలబెడుతూ కనిపిస్తారు. ఈ పోజు మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పోస్టర్లలో, కార్టూన్లలో, మీమ్స్‌లో దీన్ని వాడనివాళ్లు లేరు. 1945లో ఇవో జిమా అనే దీవిలో తీసిన ఫొటో అది. ఆ ఫొటోని చూసి చేసిన విగ్రహమే ఇది. పేరు మెరీన్ కోర్ వార్ మెమోరియల్. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉంది.

ఆన్‌సైట్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. లింకన్ మెమోరియల్, వైట్‌హౌస్ లాంటివన్నీ సెల్ఫీలతో సహా అయిపోయాయి. ఇక్కడికి మాత్రం సెల్ఫీ కోసం రాలేదు. మావయ్య వాట్సాప్‌లో పంపిన ఒక పాత ఫొటో వల్ల వచ్చాను.

మా అమ్మమ్మ వాళ్లది తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. మిలిటరీ మాధవరం అక్కడికి దగ్గరే. ఆ చుట్టుపక్కల సైన్యంలోకి వెళ్లడం కొత్తేం కాదు. అమ్మమ్మ నాన్నగారు కూడా రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో వెళ్లారు. తిరిగొచ్చారు గానీ, అమ్మమ్మకి నాలుగేళ్లప్పుడే పోయారు. ఆయనవి మిగిలినవి రెండే. ఒక డిశ్చార్జి కాగితం, ఒక గ్రూప్ ఫొటో. ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నారు. వెనక ఏమీ రాసి లేదు. ఎప్పుడో ఎవరో "వెనక వరసలో మూడో ఆయనే" అన్నారట. ఆ ముఖం ఒక్కటీ స్టూడియోలో పెద్దది చేయించి, దండ వేసి హాల్లో పెట్టారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే మా ముత్తాత.

మొన్న ఇల్లు సర్దుతుంటే ఒరిజినల్ దొరికిందని మావయ్య స్కాన్ చేసి పంపాడు. కింద ఒక లైను రాశాడు: "ఒరేయ్ అల్లుడూ, ఈయన నిజంగా తాతేనంటావా?"

ఆ ప్రశ్నే నన్ను ఈ మైదానానికి తీసుకొచ్చింది. ఎందుకంటే ఎదురుగా ఉన్న ఈ ఆరుగురి విషయంలో అమెరికా మొత్తం దశాబ్దాలపాటు పొరపాటు పడింది. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు దిద్దుకుంది.

గుట్ట మీద ఒక్క క్షణం

ఇవో జిమా జపాన్‌కి చెందిన చిన్న అగ్నిపర్వత దీవి. యుద్ధం నాటికి వైశాల్యం సుమారు 21 చదరపు కిలోమీటర్లు. 1945 ఫిబ్రవరి 19న అమెరికా మెరీన్లు అక్కడ దిగారు. దక్షిణం కొసన సురిబాచి అనే 169 మీటర్ల కొండ ఉంది. ఫిబ్రవరి 23 ఉదయం దానిపైకి ఎక్కి ఒక జెండా పాతారు. అది చిన్నదైపోయిందని, కాసేపటికి ఇంకో పెద్ద జెండా తెచ్చారు. ఈ రెండో జెండా లేపుతున్నప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ జో రోసెంతాల్ అక్కడున్నాడు. మనిషి పొట్టి. రాళ్లు పేర్చుకుని వాటి మీద నిలబడ్డాడు. సెకనులో 400వ వంతు షట్టర్ స్పీడ్‌తో ఒక్క క్లిక్. పక్కనే బిల్ జెనౌస్ట్ అనే మెరీన్ అదే దృశ్యాన్ని సినిమా కెమెరాతో తీశాడు. ఆయన కొద్ది రోజులకే ఆ దీవిలోనే చనిపోయాడు.

రోసెంతాల్ ఎవరి పేర్లూ అడగలేదు. అడిగే టైమ్ కూడా లేదు. రెండు రోజుల్లోనే ఆ ఫొటో అమెరికా ఆదివారం పేపర్లలో మొదటి పేజీకెక్కింది. జనం ఊగిపోయారు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వాళ్లని వెనక్కి పిలిపించమన్నాడు. అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి. ఆ ఆరుగురూ ఎవరు?

ఫొటోని జాగ్రత్తగా చూడండి. ఒక్క ముఖం కూడా పూర్తిగా కనపడదు. వీపులు, చేతులు, హెల్మెట్లు, అంతే. రెనే గాన్యన్ అనే కుర్రాడు గుర్తున్నంతలో పేర్లు చెప్పాడు. పైగా అప్పటికే ఆ ఆరుగురిలో ముగ్గురు అదే దీవిలో చనిపోయారు. మిగిలినవాళ్లంటూ గాన్యన్‌ని, ఐరా హేస్‌ని, జాన్ బ్రాడ్లీని తీసుకొచ్చి, వార్ బాండ్లు అమ్మడానికి దేశమంతా తిప్పారు. ఆ విడతలో 2,600 కోట్ల డాలర్ల పైనే వచ్చింది. అంత డబ్బు వస్తుంటే, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో అని ఎవరు ఆగి చూస్తారు?

వీపు చూసి గుర్తుపట్టిన అమ్మ

కర్ర మొదట్లో వంగి ఉన్న సైనికుడు హ్యాంక్ హాన్సెన్ అని మొదట ప్రకటించారు. కానీ టెక్సస్‌లో బెల్ బ్లాక్ అనే ఆవిడ పేపర్ చూడగానే "వీడు మా హార్లనే" అంది. కనిపిస్తున్నది వీపు మాత్రమే. ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేదు. ఆవిడ మాత్రం మాట మార్చలేదు.

ఐరా హేస్‌కి నిజం తెలుసు. ఆయన ఆరిజోనాకి చెందిన పీమా తెగవాడు. అది హాన్సెన్ కాదు, హార్లన్ బ్లాక్ అని ఒక అధికారికి చెప్పాడు. ఇద్దరూ చనిపోయారు కదా, పేర్లు ప్రకటించేశాం, ఇక నోరు విప్పకు అని సమాధానం వచ్చింది. 1946లో హేస్ టెక్సస్‌ దాకా వెళ్లి హార్లన్ వాళ్ల నాన్నకి విషయం చెప్పాడు. 1947 జనవరిలో మెరీన్ కోర్ తప్పు ఒప్పుకుంది. మొదటి దిద్దుబాటు అది.

హాన్సెన్ కూడా ఊరికే వచ్చిపడ్డ పేరు కాదు. ఆయన మొదటి జెండా దగ్గరున్న మనిషే, ఆ దీవిలోనే చనిపోయాడు. ఒకరి పేరు సరిచేయాలంటే, ఇంకో ఇంట్లోంచి ఆ గౌరవాన్ని తీసేయాలి.

మడత, తాడు, ఉంగరం

తర్వాత అరవై ఏడేళ్లు అంతా ప్రశాంతం. బ్రాడ్లీ కొడుకు ఈ ఫొటో మీద పుస్తకం రాశాడు. 2006లో క్లింట్ ఈస్ట్‌వుడ్ దాన్ని సినిమా తీశాడు.

2014లో ఐర్లాండ్‌కి చెందిన స్టీఫెన్ ఫోలీ, అమెరికాలోని ఒమాహాకి చెందిన ఎరిక్ క్రెల్లే తాము గమనించినది ఒక పత్రికకి చెప్పారు. ఇద్దరూ ప్రొఫెసర్లు కారు, సైన్యం కాదు. చరిత్ర మీద ఇష్టమున్న మామూలు మనుషులు. వాళ్లు చేసిన పని మీకూ నాకూ అర్థమయ్యేదే. ముఖాలు కనపడవు కాబట్టి ముఖాలు వదిలేశారు. అదే రోజు కొండ మీద తీసిన మిగతా ఫొటోలు పక్కన పెట్టుకుని బట్టలు చూశారు.

బ్రాడ్లీ నేవీ వైద్య సహాయకుడు. ఆ రోజు మిగతా ఫొటోల్లో ఆయన ప్యాంటు అంచులు పైకి మడిచి ఉన్నాయి. జెండా ఫొటోలో "బ్రాడ్లీ"కి ఆ మడత లేదు. నడుముకి తూటాల బెల్టు, వైర్లు కత్తిరించే కటర్ ఉన్నాయి. వైద్య సహాయకుడికి వాటితో పనేంటి? ఆ సామాన్లన్నీ ఫ్రాంక్లిన్ సౌస్లీకి సరిపోయాయి. అయితే సౌస్లీ అనుకున్న చోట ఉన్నదెవరు? అక్కడ హెల్మెట్ పక్కన ఒక తెగిన పట్టీ వేలాడుతోంది. మిగతా ఫొటోల్లో అలాంటి పట్టీ హారొల్డ్ షుల్ట్జ్ హెల్మెట్‌కి ఉంది. కోడ్‌లో ఒక లైను మారిస్తే ఇంకో రెండు ఫైళ్లు తెరవాల్సొచ్చినట్టే, ఒక మనిషిని కదిపితే ఇంకొకరు కదిలారు.

2016 జూన్‌లో మెరీన్ కోర్ అధికారికంగా ఒప్పుకుంది. బ్రాడ్లీ ఆ ఫొటోలో లేడు, ఉన్నది షుల్ట్జ్. బ్రాడ్లీ మొదటి జెండా ఎత్తడంలో పాలుపంచుకున్నాడు. యుద్ధంలో ధైర్యానికి ఆయనకొచ్చిన నేవీ క్రాస్‌కీ ఈ ఫొటోకీ సంబంధం లేదు. ఇక షుల్ట్జ్? లాస్ ఏంజెలెస్‌లో పోస్టల్ ఉద్యోగం చేసి 1995లో చనిపోయాడు. ఒకసారి ఇంట్లో భోజనాల దగ్గర మాటవరసకి అన్నాడంతే. బయట ఎవరికీ చెప్పుకోలేదు.

మూడోసారి 2019లో. ఈసారి పట్టించింది ఉంగరం. జెనౌస్ట్ తీసిన ఫిల్మ్‌ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే, గాన్యన్ అనుకున్న మనిషి వేలికి పెళ్లి ఉంగరం ఉంది. గాన్యన్ ఉంగరం పెట్టుకోలేదు. ఎఫ్‌బీఐ ల్యాబ్ కూడా పరిశీలించింది. ఆ మనిషి హారొల్డ్ కెల్లర్ అని తేలింది. ఆయన 1979లోనే పోయాడు. గాన్యన్ కూడా మోసగాడేం కాదు. ఆ రెండో జెండాని కొండ మీదికి మోసుకెళ్లింది ఆయనే.

కంచులో మిగిలినవాళ్లు

మైదానంలో విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఒక్కో సైనికుడు 32 అడుగుల ఎత్తు. జెండా కర్ర 60 అడుగులు. దాని మీద ఎగిరేది నిజమైన గుడ్డ జెండా. రాత్రీ పగలూ దించరు. అవతల నది దాటి లింకన్ మెమోరియల్, దాని వెనక వాషింగ్టన్ మాన్యుమెంట్, ఇంకా వెనక కాపిటల్ గోపురం ఒకే వరసలో కనిపిస్తాయి. ఇద్దరు పిల్లలు కర్ర మీద చేతులు లెక్కపెడుతున్నారు. పదమూడో చెయ్యి ఉందని ఇక్కడ ఒక పుకారు. లేదు, పన్నెండే.

నేను చూసింది మాత్రం ముఖాలు. శిల్పి ఫెలిక్స్ డి వెల్డన్ ముందు హేస్, గాన్యన్, బ్రాడ్లీ స్వయంగా కూర్చున్నారు. వాళ్లని చూసి ముఖాలు మలిచాడు. 1954 నవంబర్ 10న ఆవిష్కరించినప్పుడు ఆ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. రెండు నెలలు గడిచాక హేస్ చనిపోయాడు. 32 ఏళ్లు. అంటే ఫొటోలో లేని ఇద్దరి ముఖాలు కంచులో ఉన్నాయి. ఫొటోలో ఉన్న షుల్ట్జ్, కెల్లర్ల ముఖాలు ఇక్కడ లేవు. రికార్డు దిద్దగలిగారు, కంచుని దిద్దలేదు.

అసలు కొండ దగ్గరికి వెళ్లి చూద్దామంటే కుదరదు. ఇప్పుడు ఆ దీవిలో జపాన్ సైనిక స్థావరం ఉంది, మామూలు జనాన్ని రానివ్వరు. మనలాంటివాళ్లకి ఉన్నది ఈ మైదానమే.

రూమ్‌కొచ్చి లాప్‌టాప్‌లో మావయ్య స్కాన్ తెరిచాను. ముఖాలు వదిలేసి బట్టలు చూశాను. డిశ్చార్జి కాగితంలో ముత్తాత ర్యాంకు లాన్స్ నాయక్. అంటే చొక్కా చేతి మీద వి ఆకారంలో ఒక గీత ఉండాలి. దండ వేసిన ఆయన చేతి మీద గీత లేదు. ముందు వరసలో కూర్చున్న చివరాయనకి ఉంది.

అంతమాత్రాన తేలిపోలేదు. ఫొటో ఆయనకి ర్యాంకు రాకముందు తీసిందైతే ఈ లెక్కే తప్పు. తేదీ ఎక్కడా లేదు. మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఇన్నేళ్లకి ఇప్పుడు అమ్మకి చెప్పాలా?" అన్నాడు. హేస్‌కి వచ్చిన సమాధానం గుర్తొచ్చింది. "చెప్దాం మావయ్యా" అన్నాను.

ఆదివారం వీడియో కాల్‌లో చెప్పాను. స్క్రీన్ షేర్ చేసి గీత చూపించాను. అమ్మమ్మ కళ్లజోడు పైకీ కిందికీ అంటూ చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను.

"ఆయన కాకపోతే ఇన్నాళ్లూ ఎవరింటి బిడ్డకో దండేశానన్నమాట. పోన్లేరా, ఆయన మాత్రం యుద్ధానికి పోలేదా ఏంటి. ఒక్కణ్నే ఎందుకు, అందరినీ కలిపి పెద్దది చేయించండి."

నిన్న మావయ్య కొత్త ఫ్రేమ్ ఫొటో పంపాడు. పద్నాలుగు మందీ ఉన్నారు. వెనక ఏం రాయాలో నన్నడిగాడు. తెలిసినంతే రాయమన్నాను. ముత్తాత పేరు, "వీరిలో ఒకరు", ఈ సంవత్సరం తేదీ. మీ ఇంట్లో కూడా అలాంటి ఫొటో ఉంటే, గుర్తుపట్టగలిగినవాళ్లు ఉండగానే వెనక పేర్లు రాయించండి. ఖచ్చితంగా తెలియని చోట ఖాళీ వదిలేయండి.