నల్లా జిల్లుమంటే...

మొన్న చలికాలంలో రెండు రోజులు సెలవు దొరికితే ఎడపల్లి వెళ్లాను. పొద్దున్నే బాపు వార్తలు పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి టీవీలో అడ్డగీతలు, గుయ్యిమని మోత. పావుగంటకు దానంతటదే తగ్గింది.

'ఏం గాదు, మీ అమ్మ స్నానానికి నీళ్లు వెట్టుకుంటే గిట్లనే అయితది' అన్నాడు తాపీగా.

నవ్వొచ్చింది. అమ్మ స్నానానికీ టీవీకీ ఏం సంబంధం? అంతలో అమ్మ వంటింట్లోంచి ఇంకో మాట చెప్పింది. 'నల్లా ముట్టుకుంటే చేతులు జిల్లుమంటున్నయి బిడ్డా. షుగరుంది గదా, తిమ్మిర్లనుకున్న.' నెల రోజుల నుంచీ అట!

నా నవ్వు ఆగిపోయింది.

బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాడు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పట్నుంచి ఆయన పనిముట్ల డబ్బాకు మా ఇల్లే ఫ్యాక్టరీ. గీజర్ బిగించిందీ, డాబా మీద డిష్ కట్టిందీ ఆయనే. అలాంటి మనిషితో 'నీ పనిలో ఏదో తేడా ఉంది' అనడం ఎలా?

అందుకే ఏమీ అనకుండా, రబ్బరు చెప్పులు వేసుకుని టెస్టర్ తీశాను. గీజర్ ఆపితే టీవీ శుభ్రంగా ఉంది. వేస్తే మళ్లీ గీతలు. సెట్‌టాప్ బాక్సు నుంచి డిష్ వైరు ఊడదీశాను. బొమ్మ పోయింది, మోతా పోయింది. కానీ ఊడిన వైరు కొసకు టెస్టర్ ఆనిస్తే బల్బు భగ్గున వెలిగింది. రెండు పిన్నుల ప్లగ్గున్న బాక్సులను ముట్టుకుంటే కొద్దిగా చిమచిమలాడటం మామూలే. ఇది ఆ రకం కాదు. కరెంటు డాబా మీది నుంచి వస్తోంది!

మెయిన్ ఆపి పైకెక్కాను. డిష్ క్లాంపు నీళ్ల ట్యాంకు ఇనుప పైపుకే బిగించి ఉంది. ఆ పైపే కిందికి దిగి గీజర్‌లోకి వెళ్తోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెడితే అసలు సంగతి తేలింది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గీజర్ కాయిల్ చిట్లింది. కరెంటు నీళ్లలోకి, పైపులోకి, డిష్ మీదుగా టీవీలోకి పాకింది. ఎర్తు వైరు బాగుంటే భూమిలోకి పోయేది. అదేమో గుంత దగ్గరే తుప్పుపట్టి తెగింది. బోరు నుంచి ట్యాంకు దాకా ప్లాస్టిక్ పైపు కాబట్టి ఆ దారీ లేదు. ఎంసీబీ ఎందుకు పడలేదంటే, అది వైర్లలో ఎక్కువ కరెంటు పారితేనే పడుతుంది. మనిషిని చంపడానికి అంత అక్కర్లేదు.

విదేశాల్లో మోటార్‌హోమ్‌లని చక్రాల ఇళ్లుంటాయి. వంటిల్లు, పడక, టీవీ, హీటరు అన్నీ అందులోనే. పాతబడ్డ బండ్లలో ఇదే తంటా. హీటరు చెడి, ఎర్తు తెగితే రబ్బరు టైర్ల మీదున్న బండి ఒళ్లంతా కరెంటే. లోపలివాళ్లకు తెలియదు. నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాడికి తగులుతుంది. దాన్ని వాళ్లు 'హాట్ స్కిన్' అంటారు. మా అమ్మకు తిమ్మిర్లన్నాం, అంతే తేడా.

కొత్త కాయిల్ వేయించాం. బొగ్గు, ఉప్పు పోసి కొత్తగా ఎర్తు గుంత తీయించాం. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. డిష్‌ను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు బాపు. తనే విప్పి గోడకు బిగించాడు. దిగొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

'ఫ్యాక్టరీల మిషన్ వెట్టేటప్పుడు మొదలు ఎర్తే జూసేటోళ్లం. ఇల్లే గదా అనుకున్న' అన్నాడు చివరికి, అమ్మ వైపు చూడకుండా.

నేను తిరిగొచ్చిన వారానికి ఫోన్ చేశాడు. 'మీ కిరాయింట్ల ఎర్తు ఉన్నదా?' అని.

అప్పటిదాకా నేనూ చూడలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గీజర్ బోర్డు విప్పిస్తే, మూడో రంధ్రం వెనక వైరే లేదు. మీ ఇంట్లోనూ ఓసారి చూపించండి.