దిద్దదగినది, దిద్దరానిది

ఛాయాచిత్రమును కంప్యూటరుపై సవరించుట అసత్యమని కొందఱు పెద్దలు భావింతురు గాని, నేనట్లు తలంపను. 1990లో ఫోటోషాప్ విపణికి రాకమునుపే, మన ఊళ్ల స్టూడియోలలో నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖమునందలి మచ్చలను మాపు నిపుణులు ఉండెడివారు. చీకటిగదిలో ఒక భాగమునకు కాంతిని తగ్గించి, మఱియొక భాగమునకు హెచ్చించి ముద్రించుట ఆన్సెల్ ఆడమ్స్ వంటి ఛాయాగ్రాహకోత్తమునకును నిత్యకృత్యమే.

జేపెగ్ చిత్రమునందు ఒక్కొక్క ప్రాథమిక వర్ణమునకు 256 అంతరములు మాత్రమే యుండగా, 14 బిట్ల రా ఫైలునందు 16,384 కలవు. కనుకనే నీడలో మునిగిన అమ్మమ్మ ముఖమును ఆ ఫైలునుండి మెల్లగా వెలికి తీయవచ్చును గాని, పూర్తిగా తెల్లబడిపోయిన ఆకాశమును ఏ సాఫ్ట్‌వేరైనను కల్పింపగలదే తప్ప తిరిగి తేజాలదు, ఏలయన అచ్చట నమోదైన సమాచారమే లేదు.

నన్ను నిజముగా బాధించునది వేఱొకటి. ట్యూబులైటు మొగములపై పులిమిన ఆకుపచ్చ ఛాయను వైట్ బ్యాలెన్సుతో తొలగించుట న్యాయమే. అది దీపము తెచ్చిన దోషము. పెండ్లి ఆల్బమునందు చామనచాయ గల వధువును, ఆమె కోరకయే, పిండిబొమ్మవలె తెల్లగా మార్చుటయో? తల్లినుండి, అమ్మమ్మనుండి ఆ పిల్లకు సంక్రమించిన మేనిచాయ ఏ దీపము తెచ్చిన దోషము? ఈ ముహూర్తములలో పెండ్లి చేయనున్న మిత్రులారా, ఆల్బము అచ్చునకు పోకముందే ఒక్కమాఱు స్టూడియోవారి చెంత కూర్చుండి, అమ్మాయి రంగును ముట్టవలదని చెప్పుడు.