దాహం అడిగి ఇవ్వాలి

దాహమన్నవాడికి నీళ్ళు లేవనకూడదని మా అమ్మమ్మ తరచూ అంటూ ఉండేది. వేసవి వచ్చిందంటే ఆవిడ ఇంటి అరుగుమీద కుండ, దానిమీద బోర్లించిన గ్లాసు, దారిన పోయేవారి కోసం ఎప్పుడూ ఉండేవి. అటువంటి ఇంటి పిల్లవాడి విషయంలో నీళ్ళు ఇవ్వక ఒకసారి, ఇచ్చి ఒకసారి మేము తప్పు చేశాము. ఆ రెండు తప్పుల కథే ఇది.

2004 వేసవిలో తమ్ముడికి పదమూడేళ్ళు. ఉన్నట్టుండి వాడికి తీరని దాహం పట్టుకుంది. బిందెలు ఖాళీ అయ్యేవి. రాత్రి అయిదారుసార్లు లేచేవాడు. లేచిన ప్రతిసారీ మూత్రం, వెంటనే మళ్ళీ నీళ్ళు. షుగరేమోనని అమ్మ భయపడింది. పరీక్షలో చక్కెర లేదు. మూత్రం మంచినీళ్ళలా తేటగా ఉంది. "అలవాటమ్మా, తాగడం తగ్గిస్తే అదే తగ్గుతుంది" అన్నారు మొదట చూసిన డాక్టరుగారు.

ఆ రాత్రి వంటింటికి తాళం వేసింది నేనే. తలుపు అవతల నిలబడి "అక్కా, ఒక్క గుక్కెడు" అని వాడు అడగడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లవారేసరికి పెదవులు పగిలి, స్నానాలగదిలో బాల్చీ పక్కన కూర్చుని ఉన్నాడు. బాల్చీలో నీళ్ళు లేవు.

హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడా నీళ్ళు ఆపారు. కాని గంటగంటకూ బరువు తూచి, రక్తమూ మూత్రమూ పరీక్షిస్తూ, కళ్ళెదుట ఉంచుకుని ఆపారు. శరీరం ఎండిపోతున్నా మూత్రం మాత్రం చిక్కబడలేదు. అప్పుడొక మందు ఇచ్చారు. కొన్ని గంటల్లో మూత్రం చిక్కబడింది. రోగం పేరూ, మందు పేరూ ఆ ఒక్క పరీక్షతోనే తేలాయి. రోగం డయాబెటిస్ ఇన్సిపిడస్. మందు డెస్మోప్రెసిన్.

మన మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల దాకా వడగడతాయి. అందులో చాలా భాగం దానంతట అదే వెనక్కి చేరుతుంది. మిగిలినదాన్ని ఎంత ఉంచాలో, ఎంత వదలాలో చెప్పేది మెదడు అడుగున తయారై, పిట్యూటరీ గ్రంథి నుంచి వెలువడే వాసోప్రెసిన్ అనే హార్మోను. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. తమ్ముడి ఒంట్లో అది తయారవడం మానేసింది. ఎందుకో స్కానింగులోనూ కనబడలేదు.

సహజమైన హార్మోను రక్తనాళాలను కూడా బిగిస్తుంది, నిమిషాల్లో కరిగిపోతుంది. 1960లలో ప్రాగ్ నగరపు రసాయన శాస్త్రజ్ఞులు ఆ గొలుసులో రెండేచోట్ల మార్పు చేశారు. మొదటిదాని అమైనో గుంపు తీసేశారు; ఎనిమిదోదాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పారు. రక్తపోటును పెంచే గుణం దాదాపు పోయింది, నీటిని పట్టి ఉంచే గుణం గంటల తరబడి నిలిచింది. తమ్ముడు ముక్కులో కొట్టుకునే మోతాదు 10 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము మందుతో లక్షసార్లు!

ఆ మందు వాడిన మొదటి రాత్రి వాడు కదలకుండా నిద్రపోయాడు. అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి అమ్మ భయపడి రెండుసార్లు లేచి, ముక్కు దగ్గర వేలుపెట్టి చూసింది.

మూడు వారాల తర్వాత అమ్మమ్మగారింటికి వెళ్ళాము. బిడ్డ ఎంత అల్లాడిపోయాడోనని ఆవిడ మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు ఒకదాని వెంట ఒకటి ఇచ్చింది. కాదనలేక వాడు తాగాడు. రెండోనాటికి తలనొప్పి, వాంతులు. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పట్టించాము. సాయంత్రానికి మాట తడబడి, మూర్ఛ వచ్చింది. రక్తంలో 135కు తగ్గకూడని సోడియం 118 ఉంది.

"మందు నీళ్ళు బయటికి పోయే తలుపు మూస్తుందమ్మా. లోపలికి ఎన్ని వస్తున్నాయో దానికి తెలియదు" అన్నారు ఆ డాక్టరుగారు. నీరు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడితే మెదడు ఉబ్బుతుందట. ఆ రాత్రంతా వాడి మంచం పక్కన కూర్చున్న అమ్మమ్మ మర్నాటి దాకా తాను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఈ మందు ఎక్కడికి వెళ్ళినా ఆ హెచ్చరికను వెంటబెట్టుకునే వెళుతుంది. రాత్రి పక్క తడిపే పిల్లలకు దీన్ని మాత్రగా ఇస్తారు. వేసుకోవడానికి గంట ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత వరకు నీళ్ళు బాగా తగ్గించాలి. ఇలాగే సోడియం పడిపోయి మూర్ఛలు వచ్చినందువల్ల, పక్క తడపడానికి ముక్కు మందు వాడవద్దని అమెరికా ఔషధ సంస్థ 2007 డిసెంబరులో ప్రకటించింది. హీమోఫీలియా ఎ తక్కువ తీవ్రతలో ఉన్నవారికీ, వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి ఉన్న కొందరికీ పన్ను తీసే ముందు రక్తం గడ్డకట్టడానికి కూడా ఇదే ఇస్తారు. ఇటలీలో మనూచీ బృందం 1977లో ఆ దారి చూపింది. ఒంట్లో దాగి ఉన్న గడ్డకట్టే పదార్థాలను అది రక్తంలోకి విడుదల చేయిస్తుంది. అసలు నిలవే లేనివారికి పనిచేయదు. పనిచేసినవారికీ ఆ రోజు నీళ్ళు కొలతే.

2022లో వైద్యులు ఈ రోగానికి పేరు మార్చి "వాసోప్రెసిన్ లోపం" అన్నారు. డయాబెటిస్ అన్న మాట చూసి చక్కెర జబ్బనుకుని, ఆసుపత్రులలోనే ఈ మందు ఆపినందువల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయట. తమ్ముడి జేబులో చీటీ అంతకు చాలా ముందే ఉంది: "నాది షుగరు కాదు. ఈ మందు ఆపకండి."

ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వారానికొకసారి మందు కొంత ఆలస్యం చేస్తాడు. ఒంట్లో నిలిచిన నీరు బయటికి పోయిందని తెలిశాకే మళ్ళీ కొట్టుకుంటాడు. మిగతా రోజుల్లో డాక్టరు చెప్పిన సూత్రం ఒక్కటే: దాహమైతేనే తాగు, తీరగానే ఆపు. తాళం వేసిన నాడు నేను కాని, గ్లాసులు నింపిన నాడు అమ్మమ్మ కాని అడగనిది ఆ దాహాన్నే.

అమ్మమ్మ పోయి తొమ్మిదేళ్ళు. అరుగుమీద కుండ చివరిదాకా ఉంచింది. తమ్ముడు వెళ్ళినప్పుడు మాత్రం గ్లాసు చేత పట్టుకుని, నీళ్ళు ముంచకుండా, ముందు అడిగేది: "దాహంగా ఉందా నాయనా?"