తీరిక లేదను తీరు

మన యిండ్లలో మిక్కిలి వాడుకకు వచ్చిన ఆంగ్లపదములలో "బిజీ" యొకటి. ఎట్లున్నావన్న అదే బదులు. పేరంటమునకు రాలేదేమన్న అదే బదులు. బడికి పోవు పిల్లవాడును నేడు దానినే పలుకుచున్నాడు. ఈ మాట యింత సులభముగా నోటికి వచ్చుటవలన మనకు కలిగిన లాభనష్టము లెట్టివో కొంచెము విచారింప దలచితిమి.

ఆంగ్లేయులు పనితొందరను తెలుపుటకు పెక్కు పలుకుబళ్లు కల్పించుకొనిరి. "టైడప్" అనగా కట్టుబడి యున్నానని. "స్వాంప్డ్" అనగా బురదనేలలో మునిగితినని. "స్నోడ్ అండర్" అనగా మంచుక్రింద పూడుకొనిపోతినని. మంచు కురియుట యెన్నడు నెరుగని గుంటూరిలో, రోహిణీకార్తె యెండలో నిలిచి యీ మాట పలుకువారిని చూచిన మాకు నవ్వు వచ్చును. "ప్లేటు నిండుగా నున్నది" అనునది మరియొకటి. మనకు విస్తరి నిండుట భాగ్యము. వారి పలుకుబడిలో నది భారము. "రెయిన్ చెక్" అను మాట అమెరికాలో బేస్‌బాల్ ఆటస్థలమున పుట్టినది. వానవలన ఆట నిలిచిపోయినచో, మరియొకనాడు వచ్చి చూచుటకు ఇచ్చెడు చీటీ యది. ఇప్పుడు కాదు, మరియొకప్పుడని మర్యాదగా తప్పుకొనుటకు నేడు దానిని వాడుదురు. మన మిరపకళ్లములపై వాన పడినచో తప్పుకొనుట యెక్కడిది? ఇంటిల్లిపాదియు పట్టలు చేతబట్టి పరుగెత్తవలసినదే.

మనకును మాటల కొదువ లేదు. "చేతినిండ పని", "ఊపిరి సలుపుట లేదు", "తల గోకికొనుటకైన తీరిక లేదు" అనునవి పనిచేయు దేహమునుండి పుట్టిన మాటలు. "క్షణము తీరిక లేదు, దమ్మిడీ ఆదాయము లేదు" అను సామెత వట్టి హడావుడి మనుష్యులను వెక్కిరించుటకు పుట్టినదే గాని, ఇంటిపని చేయు స్త్రీకి అక్షరాల సరిపోవుచున్నది. 2019వ సంవత్సరమున భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, కూలి లేని యింటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మందియు, పురుషులలో 26 మందియు నని తేలినది. అట్లు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి నాడు వెచ్చించుచుండిరి. స్త్రీల లెక్క దాదాపు అయిదు గంటలు! అయినను మనలను చూచి, "ఇంటిలో ఖాళీగానే యున్నారు గదా" యనువారే యెక్కువ.

పల్నాడు మొదలు ఒంగోలు సీమవరకు గల రేగడిచేలను చూడుడు. పత్తితీతలు వచ్చినను, పిదప మిరపకోతలు వచ్చినను, వరుసలలో వంగియుండువారు చాలవరకు స్త్రీలే. ఘాటునకు చేతులు మండును, దగ్గు తెరలు తెరలుగా వచ్చును. సాయంకాలము ఇల్లు చేరి మరల పొయ్యి రాజేయుదురు. వీరు "బిజీ" యని చెప్పుకొనగా మేము వినలేదు. ఆ మాట పనికి గుర్తుగాక హోదాకు గుర్తైపోయినది.

మా ప్రక్కయింటి పెద్దమ్మగారు భర్త గతించిన పిదప సేద్యము తామే చూచుకొనుచున్నారు. కుమారునకు హైదరాబాదులో కంప్యూటరు కొలువు. ఒక యేడు మొదటికోత కాయ టిక్కీలకెత్తు నప్పటికి ధర తగ్గినది. సరకును గుంటూరు యార్డుకు పంపవలెనా, కోల్డు స్టోరేజిలో దాచవలెనా యని ఆమె కుమారునకు ఫోను చేసిరి. "టైడప్ అమ్మా, తరువాత" అని యతడు పెట్టివేసెను. మూడుదినములైనను ఆ "తరువాత" రాలేదు. ఆమె మమ్ము పిలిచి ఆ మాట కర్థ మడిగిరి. కట్టివేసినట్లున్నాడని చెప్పితిమి. "ఎవరు కట్టేశారమ్మా వాణ్ణి?" అనిరి. మాకు బదులు తోచలేదు. మరునాడు ఆమెయే నిశ్చయించుకొని టిక్కీలను కోల్డు స్టోరేజికి పంపిరి.

రెండవకోత నాడు కుమారుడే ఫోను చేసెను. మేమచ్చటనే యుంటిమి. ఆమె, "కూలోళ్లొచ్చారు నాయనా, కాయ కోయిస్తన్నా. దీపాలేళకి నేనే చేస్తా" అనిరి; ఆ వేళకు చేసిరి. తల్లి మాటయు, కుమారుని మాటయు తీరిక లేదనియే చెప్పినవి. కాని తల్లి మాటలో పని యేదో కలదు, మరల పలుకు వేళ కలదు, పలుకవలసిన బాధ్యత యెవరిదో కలదు. కుమారుని మాటలో నీ మూడును లేవు.

ఆంగ్లపదములపై మాకు ద్వేషము లేదు. అవసరమైన మాట యే భాషనుండి వచ్చినను రానిండు. అయితే ఎదుటివారి నోరు మూయించుటకు పనికివచ్చు మాటను మాత్రము మన పిల్లలకు నేర్పవలదు. ఏ పనియో, ఎప్పుడు పలుకుదురో చెప్పుట వారి కలవాటు చేయుదము. మరియు, సోదరీమణులారా, మనకు తీరిక లేనప్పుడు లేదని చెప్పుటకు మనమును వెనుదీయవలదు. "అంట్లు తోముచున్నాను, అరగంట తాళుడు" అనుట యే యధికారి మాటకును తీసిపోదు.