రాయపురం స్టేషన్ ముందు కాసేపు

ఇవాళ పనిమీద చెన్నైలో మనలి నుంచి రాయపురం వెళ్లా.
లోకల్‌కి ఇంకా టైముంది కదాని పాత స్టేషన్ భవనం ముందు నిలబడిపోయా.
ఎర్రటి గోడలు, వాటి ముందు తెల్లటి పొడవాటి స్తంభాలు.

దక్షిణాదిలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న బయల్దేరింది ఇక్కణ్ణించే, వాలాజా రోడ్డు స్టేషన్‌కి!
దేశంలో తొలి రైలు నడిచిన బొంబాయి, ఠాణేల తొలి స్టేషన్ భవనాలు ఇప్పుడు లేవు. దేశంలో మిగిలిన స్టేషన్ భవనాల్లో ఇదే పాతది.
సెంట్రల్ స్టేషన్ వచ్చాక దీన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. శిథిలమైపోతుంటే 2005లో బాగుచేశారు. ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది.

కానీ రంగులేస్తే సరిపోదు, కథ చెప్పే మనిషీ ఉండాలి.
పక్కనున్న కాలేజీ కుర్రాడికి చెప్పా. “నిజమా అన్నా?” అంటూ వెంటనే ఫోటో తీసుకున్నాడు. ఎంత సంతోషమేసిందో!

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రాయపురంలో రైలెక్కారా? ఆ ముచ్చట్లుంటే చెప్పండి, వినాలనుంది.