పాదరసం - పసిప్రాణం

తల్లి గర్భాన్ని మించిన సురక్షిత స్థానం సృష్టిలో లేదని మానవుడు అనాదిగా నమ్ముతూ వచ్చాడు. తల్లి రక్తంలోని పోషకాలను బిడ్డకు అందించే జరాయువు విషాలను మాత్రం దాటనివ్వదని ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం వరకు వైద్యులు కూడా భావించారు. ఆ నమ్మకాన్ని కదిలించినది ఒక పల్లెతల్లి మాట.

1961లో జపాన్‌లోని మినమాటా ప్రాంతంలో హరదా మసజూమి అనే యువవైద్యుడు ఒక ఇంటి అరుగు మీద ఆడుకుంటున్న ఇద్దరు అన్నదమ్ములను చూశాడు. ఇద్దరివీ ఒకే లక్షణాలు. ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, వాటిని తిన్నవారి నాడీమండలాన్ని దెబ్బతీస్తున్న కాలమది. అన్నది ఆ వ్యాధేనని వైద్యులు నిర్ధారించారు. తమ్ముడు పుట్టిన నాటి నుండి చేప రుచి ఎరుగడు. కనుక అతనిది వేరే జబ్బన్నారు. తల్లి అంగీకరించలేదు. తాను తిన్న చేపల విషమే కడుపులోని బిడ్డకు చేరిందని ఆమె వాదించింది. హరదా ఆ మాటను తేలికగా తోసివేయలేదు. 1962లో వైద్యలోకం ఆమె అనుమానం నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది.

జపాన్ కుటుంబాలవారు బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. తరువాతి కాలంలో హరదా వాటిని సేకరించి పరీక్ష చేయించగా మిథైల్ పాదరసం బయటపడింది. మమకారంతో దాచుకున్న వస్తువే నేరానికి సాక్ష్యమయింది.

సముద్రపు చేపలకు కలిగిన ఈ ఆపద మంచినీటి చేపలకూ తప్పలేదు. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో గ్రాసీ నారోస్ అనిషినాబే ఆదివాసుల ఊరు. నదే వారికి అన్నం, నదే వారికి ఉపాధి. ఎగువన డ్రైడెన్ పట్టణంలో కాగితపు గుజ్జు మిల్లు కోసం క్లోరిన్ తయారుచేసే కర్మాగారం 1962 నుండి 1970 వరకు దాదాపు 9 టన్నుల పాదరసాన్ని వాబిగూన్ నదిలోకి వదిలింది. 1970లో అక్కడ చేపల వ్యాపారం నిలిచిపోయింది. 1975లో హరదా ఆ ఊరికి వెళ్లి, మినమాటాలో చూసిన లక్షణాలనే అక్కడి ప్రజల్లోనూ గుర్తించాడు. నదిని శుద్ధి చేయడానికి 8.5 కోట్ల కెనడా డాలర్లు కేటాయిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2017లో ప్రకటించింది. అయినా అడుగున పేరుకున్న పాదరసం నేటికీ చేపల్లోకి చేరుతూనే ఉంది.

నీటిలో అత్యల్పంగా ఉన్న విషం చేపలో అంతగా ఎలా పెరుగుతుంది? అడుగు బురదలోని బాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. దానిని సూక్ష్మజీవులు గ్రహిస్తాయి. వాటిని పురుగులు, పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ప్రతి మెట్టులోనూ విషం చిక్కబడుతుంది. పెద్ద వేటచేపలో దాని సాంద్రత చుట్టూ ఉన్న నీటిలోకన్నా లక్షల రెట్లు ఉండవచ్చు. కండలోని మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉండడం వల్ల కడిగినా, ఉడికించినా అది పోదు. రంగు, రుచి, వాసన ఏవీ దాని జాడ చెప్పవు.

గర్భిణి రక్తంలో చేరిన మిథైల్ పాదరసం జరాయువును సులభంగా దాటుతుంది. బొడ్డుతాటి రక్తంలో దాని పరిమాణం తల్లి రక్తంలోకన్నా ఎక్కువగా ఉంటుంది. అప్పుడే రూపుదిద్దుకుంటున్న మెదడు దాని తాకిడికి తట్టుకోలేదు. అందువల్ల తల్లి ఆరోగ్యంగానే కనిపించినా బిడ్డకు మాట, జ్ఞాపకశక్తి, కండరాల అదుపు దెబ్బతినవచ్చు. పుట్టిన తరువాత కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది గనుక పసిపిల్లలకూ ఈ ముప్పు ఉంది. రక్తంలో చేరిన ఈ విషం సగానికి తగ్గడానికే దాదాపు 50 రోజులు పడుతుంది. కాబట్టి గర్భధారణకు ముందు నుండే జాగ్రత్త అవసరం.

అంతమాత్రాన చేపను శత్రువుగా చూడరాదు. చేపలోని మాంసకృత్తులు, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు శిశువు మెదడుకు మేలు చేస్తాయి. వివేకమంతా ఎంపికలోనే ఉంది. పాదరసం చేరిన నీటిలో, ఇతర చేపలను వేటాడే పెద్ద చేపలకన్నా మొక్కలను, నాచును తినే చేపల్లో విషం తక్కువ. మన నీళ్లలో కొర్రమేను, వాలుగ మొదటి తరగతివి. శీలావతి రెండవ తరగతిది. నీటిని, చేపలను పరీక్షించి ప్రజలను ముందే హెచ్చరించవలసిన బాధ్యత ప్రభుత్వాలది.

తల్లి ఎంత జాగ్రత్తపడినా, నదిలో పాదరసం కలిపినది ఆమె కాదు. బొగ్గు విద్యుత్ కేంద్రాలు, బంగారు గనులు, పారవేసిన పరికరాలు నేటికీ ప్రపంచమంతటా ఆ విషాన్ని వెదజల్లుతున్నాయి. దీనిని అరికట్టడానికి 2013లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. 2017లో అది అమలులోకి వచ్చింది. 2018లో భారతదేశం దానిని ధ్రువీకరించింది. నాడు ఒక తల్లి మాట వినడానికి వైద్యలోకం ఆలస్యం చేసింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు ఇంకా మాటలు నేర్వని పిల్లలు.